మెడలో హెడ్‌సెట్

అక్కా,

ఇక్కడ నేను క్షేమం. అక్కడ నువ్వు క్షేమమని తలచే ఓపిక ఇక నాకు లేదు.

ఆదివారం కంప్యూటర్లో మాట్లాడుతూ "ఒక్క నిమిషమే" అని లేచి వెళ్లావు. వైర్‌లెస్ హెడ్‌సెట్ నీ మెడలోనే ఉండిపోయింది. వైరు లేదు కాబట్టి మాట కంప్యూటర్ దగ్గరే ఆగిపోతుందనుకున్నావు కాబోలు. తెర మీద నీ ఖాళీ కుర్చీ. నా చెవిలో వంటింటి గిన్నెల చప్పుడు, నువ్వు బావతో అంటున్న మాట: "డాక్టరమ్మ కాన్పయ్యేదాకా మంచం దిగొద్దందని చెల్లికి చెప్పకండి. కొత్త ఉద్యోగం మానేసి పరిగెత్తుకొస్తుంది."

మానేయను. సెలవు పెట్టాను. మా సూపర్‌వైజరు గొణుక్కుంటూనే సంతకం పెట్టింది. వచ్చే సోమవారం బయల్దేరుతున్నా. కాల్‌లో చెబితే ఏడ్చి నా నోరు మూయిస్తావు. ఈ పోస్టుకార్డుకి ఎదురు చెప్పలేవుగా!

వెనకగది కిటికీ గడియ బాగుచేయించారా? మెత్తటి పాతబట్టలు పారేయకు, పొత్తిళ్లకి కావాలి. బావకి వంట రాదనకు, నేర్చుకోమను. ఆయనకి నమస్కారాలు. కడుపులో ఉన్న బంగారానికి పిన్ని దీవెనలు.

హెడ్‌సెట్ మెడలోంచి తీయకు. నేనొచ్చేదాకా రోజూ కాల్ చేస్తా. నువ్వు మంచం దిగితే నాకు వినపడాలి.

నీ చెల్లి