అద్దం అంచున అక్క

ఆసుపత్రి, మూడో అంతస్తు,
ఆపరేషన్ గది బయటి బెంచీ,
శుక్రవారం ఉదయం.

అక్కకు,

తమ్ముడు నమస్కరించి రాసేది. ఇక్కడ అంతా క్షేమం, అక్కడ నీ క్షేమం తెలుసుకోవాలని ఉంది. నవ్వకు. ఉత్తరమంటే ఇలాగే మొదలుపెట్టాలని చిన్నప్పుడు నా చేత దిద్దించింది నువ్వే. ఇక్కడ అంటే ఈ ఇనప బెంచీ, అక్కడ అంటే ఆ తలుపు అవతల. మధ్యలో నాలుగడుగులు ఉంటాయేమో. క్షేమం అన్నమాట మాత్రం అబద్ధం. నిన్ను లోపలికి తీసుకెళ్ళినప్పటి నుంచి ఈ బెంచీ మీంచి లేవలేదు. నీ మరదలు టీ తెచ్చి పెట్టింది, అది మీగడ కట్టి అలాగే ఉంది.

ఆపరేషన్ తర్వాత కొన్ని వారాలు నువ్వు మాట్లాడకూడదట. నువ్వు మాట్లాడకపోతే నాకు మాట పెగలదని నీకు తెలుసు. కళ్ళు తెరిచాక చదువుకుంటావని రాస్తున్నాను. అసలు సంగతి అది కూడా కాదు. ఊరికే కూర్చుంటే తలుపు మీద వెలిగే ఆ ఎర్రదీపం వైపే చూస్తున్నాను, చూస్తుంటే భయమేస్తోంది.

నీ కుడి దవడలో గడ్డ ఉంది, ఆ ఎముక తీసేసి కాలి ఎముకతో కొత్తది కట్టాలి అని డాక్టరుగారు చెప్పిన రోజు ముందు తేరుకున్నది నువ్వే. కాలెముక తెచ్చి దవడకు పెడితే ఇకనుంచి నా నోరు నడుస్తుందా, పరిగెడుతుందా అని ఆయన్నే అడిగావు. ఆయన నవ్వారు, నాకు నవ్వు రాలేదు. తర్వాత నన్ను విడిగా పిలిచారు. స్కానులో ఎముక తెలుస్తుంది గానీ నవ్వితే ముఖం ఎటు సాగుతుందో తెలియదు, ఏ పక్క పెదవి ముందు లేస్తుందో చూసుకుని దవడ నిలబెడతాను, మనసారా నవ్వుతున్న ఫోటో ఒకటి కావాలి అన్నారు. మీకేమిటండీ, స్టూడియో మీదే కదా అని కూడా అన్నారు.

ఇంటికొచ్చి వెతికితే ఒక్కటి లేదు. దీపం కింద చీకటి అంటే ఇదే. వీధి వీధంతటి ముఖాలూ మన దగ్గర ఉన్నాయి, నీది లేదు. ఎలా ఉంటుంది? నువ్వు ఎన్నడైనా కెమెరా ముందు కూర్చుంటేనా! నేను నల్లగుడ్డ వెనకాల దాక్కున్న రోజుల నుంచీ నీ చోటు కెమెరా పక్కనే. వచ్చినవాళ్ళు స్టూలు మీద కట్టెలా బిగుసుకుంటారు. నువ్వు ఏదో ఒకటి అంటావు, వాళ్ళకంటే ముందు నువ్వే నవ్వేస్తావు, వాళ్ళు నవ్వుతారు, నేను నొక్కుతాను. ఫోటోలో మూతి వంకరొచ్చింది, ఇది నేను కాదు అని గొడవకొచ్చినవాళ్ళను కూడా నువ్వే సముదాయించేదానివి. దువ్వుకునే అద్దం ముందు నిలబెట్టి, మీరు రోజూ చూసుకునేది తిరగబడిన ముఖమండీ, లోకం చూసేది ఈ ఫోటోలోదే, అలవాటు లేక కొత్తగా ఉంది అని చెప్పి పంపేదానివి. వాళ్ళు వెళ్ళాక, వాళ్ళ ముఖం వాళ్ళకు నచ్చిందంటే ఫోటోలో ఏదో తప్పుందన్నమాట అని నాతో అనేదానివి.

నువ్వు నన్ను మూటల మారాజు అని ఎగతాళి చేస్తావు కదా. బయటి పనికి వెళ్తూ నేను సంచులు సర్దుతుంటే, కాపురం ఎత్తేస్తున్నామా ఏంట్రా అని అడుగుతావు. ఆ సామానంతా ఇన్నాళ్ళూ పని కోసం కొన్నాననే అనుకున్నాను. ఇప్పుడు లెక్క తీస్తే అలా తేలడం లేదు. నాన్న పోయిన ఏడాది రెండో కెమెరా కొన్నాను. ఎదురుగా కొత్త స్టూడియో వెలిసినప్పుడు లైట్లు కొన్నాను. భయం వేసినప్పుడల్లా ఏదో ఒకటి కొన్నాను అక్కా. నీ గడ్డ సంగతి తెలిసిన మర్నాడు ముఖాల కోసమని పేరుపడ్డ కొత్త లెన్సు తెచ్చాను. దాని ధర అడిగి నీ మరదలు తల పట్టుకుంది.

ఆ లెన్సుతో మొదటిరోజు నిన్ను చూసినప్పుడు ఏమైందో నీకు చెప్పలేదు. అంతవరకూ నా కళ్ళకు కనపడని వాపు అందులో కనపడింది. చెవి కింద, నీడ మారిన చోట. కెమెరా దించేశాను. లైటు చాలలేదు, రేపు తీద్దాం అన్నాను. మర్నాడు లైటుకు పట్టే తెల్ల గొడుగు అరువు తెచ్చాను. ఆ మర్నాడు ఇంకో లైటు, వెలుతురు తిప్పే వెండి అట్ట. గదిలో నీకు కాలు పెట్టడానికి చోటు లేకుండా చేశాను. నువ్వు స్టూలు మీద కూర్చుని, ఏదీ నవ్వించు అన్నావు. నేను ఆ గొడుగు సర్దాను. నా నోట్లో నాలుక ఏనాడుంది కనుక! నీ పెదాలు సాగాయి గానీ కళ్ళు అలాగే ఉన్నాయి. నీకూ భయంగా ఉందని అప్పుడు తెలిసింది. ఒక్కో వెంట్రుకా లెక్కపెట్టేంత స్పష్టంగా వచ్చాయి ఆ ఫోటోలు. డాక్టరుగారు చూసి, బాగున్నాయి గానీ నవ్వు ఏదండీ అన్నారు.

నిన్ను ఆసుపత్రిలో చేర్చాక నేను స్టూడియోకి వెళ్ళి పనికిరావని పక్కన పడేసిన ఫోటోలన్నీ తిరగేశాను. ఆ లెక్కల మాస్టారు గుర్తున్నాడా, జీవితంలో నవ్వనని ఒట్టేసుకున్న మనిషి? ఈ ముఖం చూసి బడిపిల్లలు భయపడితే సరిపోతుందా, ఇంట్లో ఆవిడ కూడా భయపడాలా అని అడిగావు. ఆయన నవ్వలేదు, నువ్వు మాత్రం పగలబడి నవ్వావు. ఆ ఫోటోలో మాస్టారు మసకగా ఉన్నాడు. నా పాత కెమెరా ఫోకస్ తప్పి, పరదా పక్కన గోడకున్న దువ్వుకునే అద్దం మీద పడింది. ఆ అద్దం అంచున నువ్వున్నావు అక్కా. నోరంతా తెరిచి, కళ్ళు సగం మూసి నవ్వుతున్నావు. అద్దం అడ్డొస్తోందని ప్రతి ఫోటోకీ ఆ అంచు కత్తిరించి పారేసేవాణ్ణి. ఎన్నేళ్ళుగా నిన్ను కత్తిరించి పారేశానో తలచుకుంటే ఏడుపొచ్చింది.

గబగబా నీ ముఖం మేరకు మాత్రమే ఉంచి మిగతాదంతా కోసేసి, పెద్దది చేసి, నిన్న మధ్యాహ్నం డాక్టరుగారి చేతిలో పెట్టాను. ఇదండీ కావలసింది అన్నారు. ఆ ఒక్కరాత్రి నిద్రపోయాను.

ఇవాళ పొద్దున నిన్ను బండి మీద తోసుకొస్తుంటే నా భుజాల వైపు చూసి, మూటలేవిరా అని అడిగావు. ఇంట్లో పడేశాను అన్నాను. అప్పుడు నవ్వావు చూడు! అన్నాళ్ళు నేను గొడుగులు పట్టుకుని తపస్సు చేస్తే రాని నవ్వు. నా చేతిలో కెమెరా లేదు. ఉన్నా తీయగలిగేవాణ్ణి కాదులే. నీ కుడి పెదవి మూల ముందు లేచింది, తర్వాత ఎడమది, ఎప్పుడూ లేచేట్టే. అది చూస్తూ ఉండగానే తలుపు మూసేశారు.

కుడిది.

అక్కా, ఇది రాసి పెన్ను ఆపేశాను. డాక్టరుగారికి ఇచ్చిన ఫోటోలో ఎడమ మూల లేచి ఉంది. గుర్తు తప్పుతున్నానేమో అనుకున్నాను. తల ఎత్తితే ఎదురుగా తలుపు అద్దంలో నేనే కనపడ్డాను. ఎదుటి మనిషిని చూసినట్టు చూశాను. చొక్కా జేబు కుడివైపు ఉంది.

అద్దంలోంచి తీసిన ఫోటో అది. తిరగబడిన ముఖం. తిప్పడం మరిచిపోయాను. నా బతుకంతా చేసిన పని ఇదే, ఇందులోనే మరిచిపోయాను. అద్దంలో పడ్డ గోడ గడియారమో, బోర్డు మీది అక్షరాలో ఉంటే ఎవరికైనా అనుమానమొచ్చేది. అవన్నీ శుభ్రంగా కోసేసింది నేనే.

లేచి తలుపు బాదాను. నర్సమ్మ బయటికొచ్చి, ఇది ఆసుపత్రనుకున్నారా, సంతనుకున్నారా అని కేకలేసింది. ఫోటో తిరగబడిందమ్మా, ఎడమది కుడి, కుడిది ఎడమ అన్నాను. నా మాటలు నాకే అర్థం కాలేదు, ఆవిడకేం అర్థమవుతాయి? ఇంకో పక్క దవడ కోస్తారనుకుని భయపడుతున్నారా, అలా జరగదు, గుర్తులు పెట్టుకుంటారు అని ధైర్యం చెప్పింది. కోయడం గురించి కాదమ్మా, నవ్వు గురించి అన్నాను. ఆవిడ నా ముఖంలోకి అదోలా చూసింది. నీ మరదలు వచ్చి నిదానంగా విడమరిచి చెప్పింది. చెప్పిచూస్తాను, ఇప్పుడు పలకరించే సమయం కాదు అని నర్సమ్మ లోపలికి వెళ్ళింది. మళ్ళీ బయటికి రాలేదు.

అక్షరాలు కొక్కిరిబిక్కిరిగా వస్తున్నాయి, ఏమీ అనుకోకు. లోపల ఆయన ఆ ఫోటో ఎదురుగా పెట్టుకుని నీ ముఖాన్ని తిరగేసి కడుతున్నారనిపిస్తోంది. నువ్వు లేచి, నవ్వబోతే అది ఎవరిదో నవ్వయితే? మన స్టూలు మీద కూర్చున్న పసిపిల్ల నిన్ను చూసి నవ్వడానికి బదులు ఏడిస్తే? నువ్వు నన్ను ఒక్క మాట అనవు, అదే నా భయం. పైగా, నడిచేది నోరే కదరా, వంకరైతే ఏం అని నన్నే ఓదారుస్తావు.

నీ మరదలు నా వీపు నిమురుతూ, దేవుడి మీద భారం వేయమంటోంది. వేశాను. అయినా బరువు తగ్గలేదు. ఎర్రదీపం ఇంకా వెలుగుతూనే ఉంది.

ఇంతకంటే రాయడానికి ఏమీ తోచడం లేదు. తిడితే తిట్టు. తిట్టడానికైనా మళ్ళీ నోరు రావాలని కోరుకుంటూ,

నీ తమ్ముడు,
మూటల మారాజు.

తా.క. దీపం ఆరింది. డాక్టరుగారు బయటికొచ్చి, అంతా సవ్యంగా జరిగింది, మత్తు వదలడానికి ఇంకా సమయం పడుతుంది అన్నారు. నేను ఆయన చేతులు పట్టుకుని ఫోటో సంగతి చెప్పబోయాను. నర్సమ్మ చెప్పింది లెండి, కానీ మాకు నిన్ననే తెలుసు అన్నారు. నిన్న సాయంత్రం ఆయన ఆ ఫోటో నీకు చూపించారట. నువ్వు చాలాసేపు మురిసిపోయి చూసుకుని, అంతలోనే ముఖం చిట్లించి, డాక్టరుగారూ, ఇందులో నేను నాకు భలే నచ్చానండీ, అంటే ఇది తిరగబడింది, అద్దంలోది అయ్యుంటుంది, మావాడు కంగారులో తిప్పడం మరిచాడు, మీరు తిప్పుకోండి, వాడికి మాత్రం చెప్పకండి, భయంతో చస్తాడు అన్నావట. ఆయన నీ ముందే తిప్పుకున్నారట. పొద్దున నువ్వు నవ్విన నవ్వు నా మూటల మీద కాదని ఇప్పుడు తెలిసింది. అరువు తెచ్చిన గొడుగు, లైటు ఎవరివి వాళ్ళకు ఇచ్చేస్తున్నాను, లెన్సు అమ్మేస్తున్నాను. పాత కెమెరా ఉంది, అది చాలు, పక్కన నువ్వు నిలబడితే. మాట రాకపోయినా నిలబడు. నువ్వింకా కళ్ళు తెరవలేదు, నాకింకా భయంగానే ఉంది. లేవగానే అద్దం అడుగుతావని నాకు తెలుసు, ఇవ్వొద్దని నర్సమ్మకు చెప్పాను. ముందు నా వైపు తిరుగు. లోకం చూసే వైపు నుంచి చూసి నేను చెప్తాను.