మనింటి వంతు వచ్చినప్పుడు

నాయినా,

నువ్వు పోయిన ఏడాదికి మన వాడ నన్ను తాండూరు మునిసిపాలిటీకి గెలిపించింది. మొన్న సభ్యులంతా కలిసి ఇంటిపన్ను అప్పీళ్లు వినే కమిటీలోకి నన్ను ఎన్నుకున్నారు. ఆడమనిషికి ఇళ్ల విలువలేం తెలుస్తాయని ఒకాయన అడ్డుపడితే, "ఇల్లు ఊడ్చేది ఆమెనే గదా!" అని ఇంకొకాయన నోరు మూయించాడు.

ఇవాళ మొదటి అప్పీలు అన్న పెట్టిందే. ఇంట్లో నున్నటి బండలు చూసి, కొత్త గుమాస్తా మనల్ని షావుకార్లనుకుని పన్ను పెంచేశాడు. తాండూరులో గొడ్ల కొట్టానికి కూడా బండలే పరుస్తారని ఆ పొరుగూరాయనకేం తెలుసు! ఆ ఒక్క మాట నేను చెబితే చాలు. అయినా బయటికి పోదామని లేచాను.

"కూసో అమ్మా, మీ ఇంటి సంగతి నీకన్న ఎవరికెరుక?" అన్నాడు అధ్యక్షుడు.

బయటికొచ్చి, నువ్వు కూర్చునే బండ మీదే కూర్చున్నాను. రజాకార్ల గోల సద్దుమణిగిన కొత్తలో నువ్వూ ఇదే కమిటీలో ఉండేవాడివి. ఒకరోజు సద్ది తెచ్చి, నువ్విక్కడ ఒంటరిగా ఉంటే వెళ్లగొట్టారనుకుని ఏడ్చాను. "లోపల మనింటి ముచ్చట నడుస్తున్నది బిడ్డా. మనది మనమే తేల్చుకుంటే ఊరోళ్లు మనల్ని నమ్ముతరా?" అని నవ్వావు.

పక్కన తన వంతు కోసం కూర్చున్న ముసలవ్వ నన్ను చూసి జాలిపడింది.

"నిన్ను బయటికి తోలిన్రా, బిడ్డా?"

"లేదవ్వా. మా నాయిన పంపిండు."