పదకొండో మెట్టు

గొడుగు బీరువా వెనక పెట్టానని వెళ్ళేముందు ఒక్క ముక్క చెబితే నీ సొమ్మేం పోయేది? మూడు రోజులుగా నెత్తిన ప్లాస్టిక్ సంచి కప్పుకుని రేవు దాకా వెళ్ళొస్తున్నాను. నన్ను చూసి వీధిలో వాళ్ళు ఏదో పార్శిల్ తనంతట తానే నడిచొస్తోందనుకుంటున్నారు. నీ ఉత్తరం అందాకగానీ గొడుగు దొరకలేదు. తీరా తెరిస్తే రెండు చువ్వలు విరిగి ఉన్నాయి. అవి నేను విరిచినవేనని నువ్వు అడగకముందే ఒప్పుకుంటున్నాను.

గొడుగు గొడవలో పడి ముందు రాయాల్సింది మర్చిపోయాను. నీకు ఆశీస్సులు, అత్తయ్యగారికి నమస్కారాలు. ఈ రెండూ తారుమారుగా అందినా నాకేం అభ్యంతరం లేదు. ఇక్కడ అందరం కులాసా. అందరం అంటే నేనూ, వంటింటి గోడ మీది బల్లీ. అక్కడ నువ్వూ, అత్తయ్యగారూ, ఆవిడ తుంటి ఎముకా కూడా కులాసాగా ఉన్నారని తలుస్తాను.

ఆవిడ మంచం పక్కన నిలబడి ఫోన్లో మాట్లాడితే ప్రతి మాటకీ 'ఏమంటున్నాడు, ఏమంటున్నాడు' అని అడుగుతున్నారనీ, అందుకే అడగాల్సినవన్నీ కాగితం మీద పెట్టాననీ రాశావు. నాకూ కాగితమే నయం. ఫోన్లో అయితే నేను నోరు విప్పకముందే గొంతు విని పట్టేస్తావు. ఇందులో అయితే చివరిదాకా చదవక తప్పదు. ఇంకో సంగతి, కాగితం తీయగానే అన్నిటికంటే ముందు అడుగున 'ఇట్లు' అని సంతకం పెట్టేశాను. ముప్పై ఏళ్ళుగా బోర్డులు రాసేవాడి అలవాటు. కింది లైను ముందు కుదుర్చుకోకపోతే పైన అక్షరాలు లావైపోయి షాపువాడి ఫోన్ నంబరుకి చోటుండదు. కాబట్టి నేనెంత సాగదీసినా ఆ సంతకం దగ్గర ఆగాల్సిందే. భయపడకు.

నువ్వు నాలుగు ప్రశ్నలు అడిగావు. వరసగా చెబుతాను.

బీపీ మాత్రలు వేసుకుంటున్నాను. నిన్న మర్చిపోయి ఇవాళ రెండు వేసుకుందామనుకున్నాను గానీ, నువ్వు తలుపు దగ్గర నిలబడి చూస్తున్నట్టనిపించి ఒక్కటే వేసుకున్నాను.

వంటింటి కప్పు కారుతోంది. కారే చోట బకెట్ పెట్టాను. ఇప్పుడు ఇంకో చోట కారుతోంది. వానకి కూడా నీలాగే, నేను చేసిన ఏర్పాటు నచ్చదు.

ఏటి గట్టు ఎత్తు పెంచమని నువ్వు ఇల్లిల్లూ తిరిగి సంతకాలు పెట్టించిన అర్జీ కాపీలు స్టేషన్ మాస్టారికి అందాయి. రిటైరై ఎనిమిదేళ్ళయినా ఆయన మన కాలనీ కమిటీని ప్లాట్‌ఫారం మీద రైళ్ళలాగే నడుపుతున్నాడు. మీటింగ్ నాలుగింటికంటే నాలుగింటికే తలుపేసేశాడు. ఇంజనీరు గారు నాలుగూ ఐదుకి వచ్చి బయట నిలబడి తలుపు కొట్టుకున్నారు.

నాలుగో ప్రశ్న ఉంది. దానికి వస్తాను. కాస్త ఆగు, నీళ్ళు చూసొస్తాను.

చూసొచ్చాను. పొద్దున్న ఆరింటికి రేవు గోడ మీద నీళ్ళు నాలుగో అంకెకి రెండు వేళ్ళు తక్కువ. ఇప్పుడు టైము తొమ్మిది, నీళ్ళు సరిగ్గా నాలుగు. ఎగువన వాన ఆగలేదట. నీళ్ళ రంగు మారింది, మన పాత గోడకి వేసిన సున్నంలో మట్టి కలిసినట్టు. దిగువ వీధిలో మాత్రం ఎవరికీ కంగారు లేదు. 'నాలుగేగా, ఆరు వస్తే చూద్దాం' అంటున్నారు. ఆరు వస్తే సామాను మేడ మీదికి ఎక్కించాలి, ఏడు దాటితే నీళ్ళు గట్టు దూకి దిగువ వీధిలోకి వస్తాయి. ఈ లెక్క నీకు నేను చెప్పాలా, మన వీధిలో పుట్టిన ప్రతి బిడ్డకీ పేరుకంటే ముందు ఇదే నేర్పుతారు.

టైలరమ్మాయి కూడా నిమ్మళంగా జాకెట్లు కుట్టుకుంటోంది. వాళ్ళ నాన్న కిటికీ పక్కన మంచం మీద ఉన్నాడు. ఒకప్పుడు ఈ రేవులో తిరిగిన పడవలన్నీ ఆయన చేతి పనే, ఇప్పుడు పక్కకి ఒత్తిగిలాలన్నా కూతురు రావాలి. నీళ్ళు ఆరు తాకితే ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు మనుషులు మేడమెట్లు ఎక్కించాలి. ఆ మెట్లు సన్నం, అరగంట పడుతుంది.

"అమ్మాయ్, ఐదు తాకగానే నాకో కేకెయ్యి," అన్నాను.

"ఐదా? ఆరు కదా బాబాయ్ లెక్క?"

"లెక్క ఆరే. నా కోసం ఐదుకి పిలువు."

"పిన్ని లేకపోయేసరికి నీకు ధైర్యం ఒకడుగు తగ్గింది," అని నవ్వి మిషన్ తొక్కుకుంది.

నేనూ నవ్వాను. నవ్వి వచ్చేశాను. అదే నాకున్న రోగం, దాని గురించే ఈ ఉత్తరం.

నీ నాలుగో ప్రశ్న మళ్ళీ చదివాను. 'పోయినేడు రేవు గోడ మీద ఐదున్నర చూపించిన రోజున, గట్టుకి అవతల నీళ్ళు అంచుకి జానెడు దూరంలో ఉండటం నేను కళ్ళారా చూశాను. ఐదున్నరకి అంత పైకి ఎలా వచ్చాయి? ఈ మాట ఇంజనీరుని అడిగారా?' అని రాశావు. అప్పుడు కూడా నన్ను అడిగావు, గాలికి అలలు లేచి ఉంటాయన్నాను. నేను అబద్ధమాడలేదు, అప్పటికి నాకు తెలియదు.

తెలిసి పదిహేను రోజులైంది.

రెండేళ్ళ క్రితం రేవు గోడ పెచ్చులూడిపోతే మేస్త్రీ పాత పూతంతా చెక్కేసి కొత్తగా సిమెంట్ పూశాడు గుర్తుందా? పాత అంకెలన్నీ దాంతోనే పోయాయి. 'మీరుండగా ఇంకొకళ్ళెందుకు' అని కమిటీ వాళ్ళు నాకు అప్పగించారు. నేనూ ఉబ్బిపోయాను. రేవు అట్టడుగు మెట్టు దగ్గర సున్నా, అక్కడి నుంచి అడుగుకో అంకె. ఒక్కో మెట్టు సరిగ్గా అడుగెత్తు, పై మూడూ గట్టుని దాటి ఎగువ వీధికి ఎక్కుతాయి, ఆ సంగతి నీ మోకాళ్ళకి తెలుసు. నీళ్ళు బాగా తగ్గిన రోజు చూసి దిగాను, మెట్లు లెక్కపెట్టాను, పది. పదో మెట్టు మీద సున్నా పెట్టుకుని పైకి రాసుకుంటూ పోయాను. టైలరమ్మాయి నాన్నని ఆ రోజు గట్టు మీద కుర్చీలో కూర్చోబెట్టారు. ఆయన పైనుంచి కేకేశాడు.

"ఎన్ని మెట్లురా?"

"పది, పెద్దాయనా."

"పదకొండు. నేను దగ్గరుండి వేయించాను."

"అయితే ఒకటి మీరు ఇంటికి పట్టుకుపోయి ఉంటారు!" అన్నాను.

మేస్త్రీ నవ్వాడు, కూలీలు నవ్వారు. పెద్దాయన ఒక్కడే నవ్వలేదు. నేను అంకెలు రాసి, మూలన చిన్నగా నా సంతకం కూడా పెట్టుకున్నాను. నువ్వు ఫోటో తీశావు.

పదిహేను రోజుల క్రితం నీళ్ళు అడుగంటి ఉంటే, 'ఒకటి' అంకె వెలిసిపోయిందని డబ్బా పట్టుకుని మళ్ళీ దిగాను. అడుగు మెట్టు మీద పాచి. కాలు జారి మోకాలి దాకా బురదలోకి పోయింది. పోతే పోయింది, ఆ బురద అడుగున పాదానికి గట్టిగా, చదునుగా ఏదో తగిలింది. రాయేమో అనుకున్నాను. బ్రష్ కాడతో పొడుచుకుంటూ ఈ చివర నుంచి ఆ చివరకి వెళ్ళాను. అంచు గీత గీసినట్టు తిన్నగా ఉంది. మెట్టు. పదకొండో మెట్టు. ఏటి మట్టి మేట వేసి దాన్ని మూసేసింది.

అర్థమైందా? నేను సున్నా పెట్టిన చోట ఒకటి ఉండాలి. నేను ఐదు రాసిన చోట ఆరు. రెండేళ్ళుగా ఈ కాలనీ అంతా నా అంకె చూసి నిద్రపోతోంది, ఆ అంకె ఒకడుగు అబద్ధం చెబుతోంది. పోయినేడు నువ్వు చూసింది ఆరున్నర. నీ కళ్ళు నిజం, నా గోడ అబద్ధం. మా ఊరి బడిలో మాస్టారు నాకు గుండ్రటి రాత నేర్పారు. ఆ మాస్టారే లెక్కలు కూడా చెప్పారు గానీ, ఆ పీరియడ్‌లో నేను పలక మీద ఆయన బొమ్మ గీస్తూ ఉండేవాణ్ణి.

ఇక్కడిదాకా తప్పు. తెలియక చేశాను, నువ్వు తిట్టి ఊరుకుంటావు. దీని తర్వాతది తెలిసి చేసింది. అది రాయడానికే మధ్యలో లేచి నీళ్ళు చూసొచ్చాను, బల్లిని పలకరించాను, బకెట్ పారబోశాను.

పోయిన మంగళవారం బడి హాల్లో మీటింగ్. ఈ సంగతి తెలిసి అప్పటికి ఎనిమిది రోజులు. ఇంజనీరు గారు స్టేషన్ మాస్టారి నోట్‌బుక్ తిరగేశారు. ప్రతి వానాకాలం నీళ్ళు ఎంతదాకా వచ్చాయో ఆయన తేదీ, టైముతో సహా రాసిపెట్టాడు కదా.

"మునుపు ఆరున్నరలున్నాయి నిజమే. కానీ రెండేళ్ళుగా ఐదున్నర దాటలేదు. ప్లాన్ ప్రకారం మీ గట్టు ఏడు. అడుగున్నర ఖాళీ ఉంది. ఇంకా పెంచడం దేనికి?" అన్నారు.

అంతలో ఆయనే, "అంకెలు మాత్రం చూశాను, ముత్యాల్లా ఉన్నాయి. ఎవరు రాశారు?" అన్నారు. స్టేషన్ మాస్టారు నా వీపు చరిచి లేపి నిలబెట్టాడు. చప్పట్లు కొట్టారు.

"ఓహో, అర్జీ పెట్టిన మేడమ్ గారి భర్త మీరేనా? ఆవిడ తరఫున ఏమైనా చెబుతారా?"

చెప్పాల్సింది ఒక్క వాక్యం. చుట్టూ చూశాను. అందరూ నా వైపే చూస్తున్నారు, ఇంకా చేతులు చప్పట్ల మీదే ఉన్నాయి.

"సార్, మా ఇంట్లో మాట్లాడే శాఖ ఆవిడది, వినే శాఖ నాది. శాఖలు మార్చే అధికారం నాకు లేదు," అన్నాను.

హాలు గొల్లున నవ్వింది. ఇంజనీరు గారూ నవ్వి, ఆ నవ్వుతోనే ఫైలు మూసి, 'అవసరం కనబడలేదు' అని రాసుకున్నారు. నువ్వు మూడు నెలలు చెప్పులరిగేలా తిరిగి తెచ్చిన సంతకాల మీద నేనొక్క జోకు పెట్టి మూసేశాను. టైలరమ్మాయి మొదటి బెంచీలో ఉంది. అందరికంటే గట్టిగా అదే నవ్వింది. ఆ నవ్వు నాకు వారం రోజులుగా అన్నం ముందు కూర్చున్నప్పుడల్లా వినిపిస్తోంది.

ఆ సాయంత్రం నువ్వు ఫోన్లో 'మాట్లాడారా?' అంటే 'మాట్లాడాను, అందరూ మెచ్చుకున్నారు' అన్నాను. అక్షరం అక్షరం నిజం. ఇంతకంటే పెద్ద అబద్ధం నేను పెళ్ళయ్యాక నీతో చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదని అడుగుతావు. నాకున్నదల్లా నాలుగు మంచి అక్షరాలే. నేను రాసిన షాపు బోర్డులన్నీ ప్రింటింగ్ ఫ్లెక్సీలొచ్చి మింగేశాయి. ఊళ్ళో నా చేత్తో రాసింది మిగిలినదీ, రోజూ అందరూ చూసేదీ ఆ గోడ ఒక్కటే. దాన్ని తప్పని నా నోటితో నేనే అనాలంటే నోరు రాలేదు. ఇది సాకు కాదు. అడుగుతావు కాబట్టి రాశాను.

నిన్న ఇంజనీరు గారికి ఒక అర్జీ రాశాను. నాలుగే లైన్లు. తప్పు నాది, అంకెలన్నిటికీ ఒకటి కలుపుకోండి, కావాలంటే నేనే బురదలో దిగి మెట్టు చూపిస్తాను, గట్టు మీద మా ఆవిడ అడిగింది న్యాయం, అని. ఒక కాపీ స్టేషన్ మాస్టారికి. నల్లరంగు డబ్బా, తెల్లరంగు డబ్బా గుమ్మం దగ్గర పెట్టుకున్నాను. అర్జీ మాత్రం ఇంకా తెల్లరంగు డబ్బా కిందే ఉంది. సోమవారం ఫైలు పైకి వెళ్ళిపోతుందట. ఇవాళ నీళ్ళు నాలుగే కదా, అంటే ఐదు, ఈ లెక్కన నిజమైన ఆరు సాయంత్రానికిగానీ రాదు, ఈలోగా నీకు రాసేస్తే ధైర్యం వస్తుంది, భోజనం చేసి అందరికీ చెప్పొస్తాను అనుకున్నాను. ముప్పై ఏళ్ళ కాపురంలో నీకు చెప్పాకే నాకు ఏదైనా నిజంగా జరిగినట్టు ఉంటుంది. నువ్వుంటే ఆ రోజే నా ముఖం చూసి చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళేదానివి. అత్తయ్యగారి ఎముక సరిగ్గా ఇప్పుడే విరగాలా

వీధిలో కేక.

"బాబాయ్! ఐదు తాకింది!"

ఇంకా పదకొండే కాలేదు. సాయంత్రమనుకున్నాను. ఎగువన గేట్లు ఎత్తేసినట్టున్నారు.

"బాబాయ్, వింటున్నావా? ఐదేగా! ఇంకా అడుగు టైముందిగా మనకి?"

విన్నావా ఏమడుగుతోందో. దీనికి నా దగ్గర జోకు లేదు. వస్తున్నానమ్మా అని అరిచాను. అర్జీ జేబులో పెట్టుకున్నాను. స్టేషన్ మాస్టారి తలుపు కొట్టి ఆయనకిచ్చి, కుర్చీ మొయ్యడానికి ఇంకో ముగ్గురిని తీసుకెళ్ళాలి. వెనకవైపు కుర్చీ వీపు నేనే పట్టుకుంటాను. మేడమెట్లు ఎక్కేటప్పుడు పెద్దాయన చెవి నా నోటికి దగ్గరగా ఉంటుంది, అందరికంటే ముందు ఆయనకే చెబుతాను, మీ లెక్కే సరైనది పెద్దాయనా, పది కాదు

ఇట్లు,
మీ ఆయన