తలుపు దగ్గర ఆగిపోయిన సీరియల్

ప్రియమైన కోడలికి,

నేను, నలుగురూ కత్తెరమ్మ అని పిలిచే మనిషిని. వయసు డెబ్బై దాటింది, ఎంత దాటిందో లెక్క పెట్టేవాళ్లు ముందే పోయారు. లిఫ్టులు బాగుచేసేవాణ్ని కన్న తల్లిని, లిఫ్టు లేని మేడలో మూడో అంతస్తులో ఉంటాను. ఇంట్లో నేనొక్కదాన్నే. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే పై అంతస్తు నర్సమ్మ రాస్తోంది. నా మాట ఒక్కటి మింగినా, తియ్యటి మాట ఒక్కటి కలిపినా ఊరుకోనని ముందే చెప్పాను. ఫోన్ చేసుకోవచ్చు కదా అంటుంది నర్సమ్మ. ఫోన్ తెచ్చిన కబురు ఒకటి చాలు నాకు ఈ జన్మకి.

నీ ఉత్తరం రెండుసార్లు చదివించుకున్నాను. మన సీరియల్ మళ్లీ మొదటి నుంచీ వేస్తున్నారని, మనం ఆపేసిన చోటికి వచ్చే వారం చేరుతుందని, అక్కడ నువ్వూ ఇక్కడ నేనూ చూసి ఉత్తరాలు రాసుకుందామని. బాగుంది. ఇప్పుడు నా వాదన విను.

మధ్యలో వదిలేసిన సీరియల్ దగ్గరికి మళ్లీ వెళ్లకూడదు. సగం కుట్టి పక్కన పడేసిన చొక్కాని నాలుగేళ్లకి బయటికి తీస్తే ఏమవుతుంది? గుడ్డ అదే, దారం అదే, మనిషి ఒళ్లు మారిపోయి ఉంటుంది. ఎవరికి తొడుగుతావు? పైగా ఆ సీరియల్ వాళ్లేమైనా మన కోసం ఆగారా? మనం లేకుండానే ఏడ్చారు, మనం లేకుండానే కలుసుకున్నారు. పిలవని ఇంటికి మళ్లీ మనమే వెళ్లి కూర్చోవాలా?

ఎక్కడ ఆపామో గుర్తుందా అని అడిగావు. నాకూ గుర్తుంది. లారీ డ్రైవరు వరదలో పోయాడనుకున్నారు. వాడి తల్లి మంచం పట్టింది. తలుపు గంట మోగింది. పెళ్లాం పరుగున వెళ్లి గడియ మీద చెయ్యి వేసింది. మిగతాది రేపు అని ఆపేశారు. ఆ రేపు మన ఇంట్లోకి రాలేదు. తెర మీద పాట ఇంకా అవ్వకుండానే మన ఫోన్ మోగింది. మావాడు లిఫ్టు గుంతలో పడ్డాడని చెప్పారు.

ఆ తలుపు మూసే ఉండనీ పిల్లా. మూసి ఉన్నంతకాలం బయట ఎవరున్నారో ఎవరూ చెప్పలేరు.

టీవీ మీద కప్పిన దుప్పటి తీయను. వాడి చొక్కా కొలతల పురికొస కూడా మేకుకే ఉంది, తీయలేదు, తీయను.

ఇట్లు,
నీ అత్త
(చెప్పింది కత్తెరమ్మ, రాసింది నర్సమ్మ)

*

ప్రియమైన అత్తయ్యకి,

మీ తిట్లు క్షేమంగా అందాయి. నర్సమ్మగారి అక్షరాల్లో కూడా మీ గొంతే వినిపించింది.

కళ్లజోళ్ల షాపులో పని బాగానే ఉంది. ఈ ఊరికి బదిలీ అయి వచ్చిన కొత్తలో ఉన్నంత దిగులు లేదు. మధ్యాహ్నం భోజనాల వేళ షట్టర్ సగం దించేస్తారు. వెనక గదిలో అద్దాలు సానపట్టే ఆయన టీవీ పెడతారు. మన సీరియల్ పాట అక్కడే విన్నాను. చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఆయన ఏమీ అడక్కుండా సౌండ్ తగ్గించారు.

మీరు చూడకపోతే నేనూ చూడను. ఒకరు లేకుండా ఇంకొకరు చూడకూడదన్నది మనం పెట్టుకున్న కట్టుబాటే కదా. తెర మీద అక్షరాలు నేను చదివేదాన్ని, మొహాలు మీరు చదివేవారు. "ఆ నవ్వు చూడు, రేపు విషం కలుపుతుంది" అనేవారు. తప్పకుండా కలిపేది! మీ అబ్బాయి వంటగది గుమ్మంలో కంచం పట్టుకుని నిలబడి, మొహాలు చూపించినప్పుడల్లా నోటితో ఉరుములు ఉరిమేవాడు. మీరు గరిటె విసిరేవారు. ఒకసారి గరిటె వెళ్లి కిటికీలోంచి కింద చెప్పులు కుట్టే ఆయన నెత్తిన పడింది.

ఒక్క మాట చెప్పి ఆపేస్తాను. నాలుగేళ్లుగా ఆవిడ చెయ్యి ఆ గడియ మీదే ఉంది అత్తయ్యా. నొప్పి పుట్టదా?

మీ
కళ్లద్దాల పిల్ల

*

ప్రియమైన కళ్లద్దాల పిల్లకి,

నొప్పి పుట్టదా అని రాసి నన్ను చంపావు. ఆ మాట ఇంట్లో తిరుగుతూనే ఉంది. కూర తరుగుతుంటే అదే, మెట్లు దిగుతుంటే అదే. చివరికి దుప్పటి తీశాను. చెప్పులు కుట్టే ఆయన పైకి వచ్చి, ఎందుకైనా మంచిదని గరిటె ఎక్కడుందో చూసుకుని, టీవీ తీగలు సరిచేసి వెళ్లాడు. అక్షరాలు చదవడానికి నర్సమ్మని పక్కన కూర్చోబెట్టుకున్నాను.

వాళ్లేమీ మారలేదు. ఒక్క మాట అనడానికి ముగ్గురి మొహాలు మూడేసి సార్లు చూపిస్తారు. ఆ లోపు నేనైతే కాలరు కుట్టి ఇస్త్రీ కూడా చేసేదాన్ని. సరే. గంట మోగింది. ఆవిడ గడియ తీసింది. నేను మంచం కోడు పట్టుకున్నాను.

గుమ్మంలో ఎవడో నిలబడ్డాడు. ఎవడో! కింద అక్షరాలు పడ్డాయి. నర్సమ్మ చదివింది: ఇక నుంచి డ్రైవరు వేషం కొత్తాయన వేస్తారట. పాతవాడు మానేశాడో, మాన్పించారో. ఆ కొత్త మొహంవాడు చేతులు చాచాడు. ఇది వెళ్లి వాడి గుండెల మీద పడి "వచ్చారా" అంది. సిగ్గు లేదూ? పెళ్లాం సరే, జీతానికి ఏడుస్తుంది. ఆ తల్లి! మంచం మీంచి లేచి వాడి నెత్తి నిమిరి "నా కొడుకా" అంది. కన్నదానికి మొహం తెలీదా? వేరే వాడమ్మా అని అరిచాను. కింద అంతస్తు వాళ్లు తలుపు కొట్టారు.

నేను టైలర్ షాపులో ఎలా పని చేశానో నీకు తెలుసు. అంకెలు రావు. అందుకని ఒక్కో మనిషికి ఒక్కో పురికొస. మెడకో ముడి, భుజాలకి రెండు ముడులు, చేతికో ముడి. గోడ నిండా మేకులు, మేకుల నిండా మనుషులు. ఎవరి పురికొస ఏదో చీకట్లో తడిమి చెప్పేదాన్ని. నేను నా చేతికింది వాళ్లకి నేర్పిన మొదటి మాట ఒకటే: ఒకడి పురికొస మీద ఇంకొకడి ముడి వేయకూడదు. వేస్తే ఇద్దరికీ చొక్కా కుదరదు. ఆ సీరియల్ వాళ్లు చేసింది సరిగ్గా అదే.

ఇప్పుడు అసలు సంగతి. అక్షరాలు నువ్వు చదువుతావు, మొహాలు నేను చదువుతాను అన్నావు కదా. నీ ఉత్తరం కూడా నాకు మొహం లాంటిదే. మొహం మారుతుందని నీకు ముందే తెలుసు. తెలిసే నన్ను ఆ తలుపు దగ్గరికి పంపావు. ఎందుకు పంపావు? సౌండ్ తగ్గించిన ఆ అద్దాలాయన ఎవరు?

తిన్నగా జవాబు రాయి.

ఇట్లు,
నీ అత్త
(రాసింది నర్సమ్మ. ఆ తలుపు కొట్టినవాళ్లకి క్షమాపణ నేనే చెప్పాను)

*

ప్రియమైన అత్తయ్యకి,

మీ ముందు ఏది దాగింది కనక. తిన్నగానే రాస్తాను.

మొహం మారుతుందని తెలుసు. షాపులో అందరూ అప్పట్లో చూసినవాళ్లే, చెప్పేశారు. అద్దాలాయన నన్ను పెళ్లి చేసుకుంటానని అడిగారు. ఈ మాట నోటితో ఎలా చెప్పాలో తెలియలేదు. ఉత్తరంలో మూడుసార్లు రాసి చింపేశాను. ఆ తలుపు తెరుచుకుంటే, ఆ కొత్త మనిషిని వాళ్లంతా లోపలికి రానివ్వడం మీరు చూస్తే, నా మాట మీకే అర్థమవుతుందనుకున్నాను. మీ నోటితో మీరే అడుగుతారనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది. మిమ్మల్ని అంత ఏడిపిస్తుందని తెలిస్తే చేసేదాన్ని కాదు.

ఆయన మాట తక్కువ మనిషి. మీ అబ్బాయిలా ఉరుములు ఉరమరు. మీ అబ్బాయి గురించి అన్నీ చెప్పాను, గరిటె సంగతితో సహా. విని, "ఆవిడ ఒప్పుకుంటేనే" అన్నారు. నేనూ అదే అన్నాను.

మీరు వద్దంటే వద్దు.

మీ
కళ్లద్దాల పిల్ల

*

ప్రియమైన అత్తయ్యకి,

నెల దాటింది. మీ దగ్గర నుంచి ఉత్తరం లేదు. నర్సమ్మగారు మాత్రం ఒక కార్డు రాశారు: "ఆరోగ్యంగా ఉన్నారు. కాగితం తీస్తే గోడకేసి తిరుగుతున్నారు."

అర్థమైంది. ఆయనతో కుదరదని చెప్పేశాను. ఆయన సరే అని తల ఊపి, వెళ్లి అద్దం సానపట్టుకున్నారు. భోజనాల వేళ నేనిప్పుడు టీవీకి వీపు పెట్టి కూర్చుంటున్నాను. మీతో పాటు మొదలుపెట్టిన సీరియల్ మళ్లీ మానేశాను. రెండోసారి మానేయడం అంత కష్టం కాదని తెలిసింది. మొదటిసారి నలిగిన చోటే మడత పడుతుంది.

మీరు కోపం తగ్గించుకోండి. మోకాళ్లకి మందు రాసుకోండి. నేను ఎప్పటికీ మీ ఇంటి కోడలినే.

మీ
పిల్ల

*

ప్రియమైన నా పిల్లకి,

కత్తెరమ్మను. నా వయసూ ఇల్లూ ముందే చెప్పాను, మారలేదు. మారింది ఒకటుంది, అది చెప్పడానికే ఇవాళ నర్సమ్మని నేనే పిలిచాను.

నువ్వు చూడటం మానేశావు. నేను మానలేదు. మొదట తిట్టడానికే పెట్టాను. ఆ కొత్త మొహం కనపడగానే "దొంగవెధవా, ఎవడి మంచం మీద కూర్చున్నావురా" అనేదాన్ని. నర్సమ్మ చెవుల్లో దూది పెట్టుకుని మరీ పక్కన కూర్చునేది. రోజూ పెట్టేదాన్ని. తిట్టాలన్నా చూడాలి కదా.

మొన్న మధ్యాహ్నం వాడు విరిగిన కుర్చీ కాలు అతికించబోయి తలకిందులుగా అతికించాడు. పెళ్లాం కూర్చుంది, పడింది. నేను నవ్వాను. నోరంతా తెరిచి నవ్వాను. కళ్లు తుడుచుకుంటూ, పాతవాడైతే దీన్ని ఎలా చేసేవాడో అనుకున్నాను. పాతవాడి మొహం గుర్తుకు రాలేదు. ముక్కు రాలేదు. మీసం ఉండేదో లేదో కూడా రాలేదు. ఎంత వెతికినా ఈ కొత్తవాడే వచ్చి కూర్చున్నాడు.

సీరియల్ వాడి సంగతి సరే, మావాడిదో? కళ్లు మూసుకున్నాను. ఫోటో వచ్చింది. ఫోటో ఎవరికి కావాలి? అందులో వాడు ఇంకెవరి చొక్కానో తొడుక్కున్నట్టు బిగుసుకుని ఉంటాడు. నవ్వితే ఎలా ఉండేవాడు? రాలేదు పిల్లా. కన్నదాన్ని, నాకు రాలేదు. ఆ సీరియల్ తల్లిని నేనెన్ని తిట్లు తిట్టానో అన్నీ తిరిగి వచ్చి నా మీద పడ్డాయి.

అప్పుడు తెలిసింది. నువ్వు వాణ్ని మర్చిపోతావని నాకు కోపం అనుకున్నాను. కాదు. నేను మర్చిపోతానని భయం. నువ్వు అలా ఒంటరిగా ఉన్నంతకాలం వాడికి కాపలా ఒకరున్నారని ధీమా. నా మతిమరుపుకి నిన్ను కాపలా పెట్టాను.

లేచి మేకు మీది పురికొస తీశాను. వేళ్లతో తడిమాను. మెడ. చెయ్యి. తర్వాత భుజాల ముడులు రెండూ రెండు చేతుల్లో పట్టుకుని చాచి నిలబడ్డాను, వాడు నాకు వీపు పెట్టి నిలబడినట్టు. కొలత తీస్తుంటే వాడెప్పుడైనా కుదురుగా ఉన్నాడా? చక్కిలిగిలి. ముందు భుజాలు కదిలేవి. చప్పుడు తర్వాత వచ్చేది. "కదలకురా వెధవా, కొలత తప్పుతుంది" అని నెత్తిన మొట్టేదాన్ని. పురికొస నా చేతుల్లో కదిలింది. నా చేతులే వణికాయిలే. కానీ భుజాలు వచ్చాయి. భుజాల వెనకాలే నవ్వు వచ్చింది. అక్కడే నేల మీద కూర్చుని ఏడ్చాను. వాణ్ని తీసుకొచ్చిన రోజు కూడా నేనంత ఏడవలేదు, నువ్వు చూశావు కదా.

కాబట్టి నా తీర్పు మార్చి రాయిస్తున్నాను. మధ్యలో వదిలేసిన సీరియల్ దగ్గరికి మళ్లీ వెళ్లాలి. బాగుంటుందని కాదు. బాగుండదు. వదిలినట్టు ఉండదు, మొహాలు మారిపోయి ఉంటాయి, గుండె కోసుకుపోతుంది. అయినా వెళ్లాలి. మనం వదిలేసింది ఎక్కడికీ పోదు, గడియ మీద చెయ్యేసుకుని అక్కడే నిలబడి ఉంటుంది. నాలుగేళ్లు నువ్వు అలా నిలబడ్డావు. తియ్యవే అని చెప్పాల్సినదాన్ని నేను.

వెళ్లి ఆయనతో చెప్పు. మళ్లీ అడిగించుకోకు, ఈసారి నువ్వే అడుగు. మా అత్త ఒప్పుకుందని చెప్పు, నమ్మకపోతే ఈ కాగితం చూపించు.

సీరియల్ వాళ్ల మీద నా కోపం మాత్రం పోలేదు. మనిషిని మార్చినందుకు కాదు. కొత్తవాణ్ని తెచ్చి పాతవాడి పేరు పెట్టి పిలిచినందుకు. నువ్వు ఆ పని చేయకు. నన్ను అమ్మా అని పిలవమని ఆయన్ని ఇబ్బంది పెట్టకు. ఇక్కడికి తీసుకొచ్చినప్పుడు మావాడి కుర్చీలో కూర్చోబెట్టకు. ఆయన వేరే మనిషి, వేరే కుర్చీ తెప్పిస్తాను. ఉరుములు ఉరమకపోతే మరీ మంచిది, నా గరిటె కింద పడదు.

పెళ్లి చొక్కా నేనే కుడతాను. కళ్లు సరిగా లేవని నర్సమ్మ అంటోంది, చేతులున్నాయి. మావాడి పురికొస పంపను. అది నా దగ్గరే ఉంటుంది, నాతోనే వస్తుంది. ఆయనకి కొత్త పురికొస తీసుకో. అంకెలు రాసి పంపకు, నర్సమ్మ చదివినా నా చేతికి అర్థం కావు. ముడులు వెయ్యి, నీకు నేర్పాను కదా. మెడ దగ్గర వేలు పట్టేంత వదులు పెట్టు. భుజాల దగ్గర జాగ్రత్త. ఆయన నవ్వితే నవ్వనీ, కసురుకోకు. నవ్వు ఆగాక కొలువు.

కత్తెరమ్మ గుర్తు: కాగితం మూలన ఎర్ర దారంతో రెండు కుట్లు, అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి.

రాసినదీ, మొదటి సాక్షీ: పై అంతస్తు నర్సమ్మ.

రెండో సాక్షి: మెట్ల కింద చెప్పులు కుట్టే ఆయన. పాదాల కొలత కూడా పంపమంటున్నాడు.