వినపడక ఎత్తిన చేతులు

పర్యావరణ పరిశీలనాధికారి వారి సముఖమునకు,

అయ్యా,

విషయం: పాత క్వారీలో చెత్త డంపింగ్ యార్డు ప్రతిపాదన – పరిశీలన నివేదికలో మేము అంగీకరించినట్లు వేసిన ఫోటోను తొలగించుట, మా బావి నీటిని పరీక్షించుట గురించి.

పాత రాతి క్వారీకి దిగువన లాండ్రీ నడుపుకొంటున్న నేను విన్నవించుకొనునది ఏమనగా, నేనూ నా భార్యా ఆసుపత్రి దుప్పట్లు, లాడ్జీల తువ్వాళ్లు, తమ కార్యాలయం కర్టెన్లు సహా ఉతికేది మా పెరటి బావి నీళ్లతోనే. తాగేదీ అవే. తమరు సోమవారం ఆ నివేదికపై సంతకం చేస్తారని, ఆపైన టిప్పర్లు దిగుతాయని విన్నాము. కావున అంతకుముందే ఈ క్రింది సంగతులు తమ దృష్టికి తేవలసి వచ్చినది.

1. ప్రజాభిప్రాయ సేకరణ సభ బడి హాల్లో జరిగినది. కిటికీ పక్కనే జనరేటర్ పెట్టినారు. వేదిక మీది అధికారి ప్రతిపాదన చదువుతుండగా మైకు ఒకసారి కీచుమని మూగబోయినది. ఆయన చదువుతూనే ఉన్నారు. వెనక వరుసల్లోంచి మేము గోల పెట్టగా, ఆయన లేచి నిలబడి గొంతు చించుకుని, "వినపడని వాళ్లు చేతులెత్తండి!" అన్నారు. అందరమూ ఎత్తినాము. నా భార్య రెండు చేతులూ ఎత్తినది. అప్పుడే ఫోటో తీసినారు. నివేదికలో ఆ ఫోటో కింద "ప్రతిపాదనకు చేతులెత్తి మద్దతు తెలుపుతున్న స్థానికులు" అని అచ్చు వేసినారు.

2. సదరు విషయమై తమ కార్యాలయంలో విచారించగా, గుమాస్తాగారు ఫోటో ముందుకు తోసి అడిగినారు.

"ఇది మీరేనా?"

"నేనేనండీ."

"ఎత్తింది మీ చెయ్యేనా?"

"నాదేనండీ. ఎందుకెత్తానో కూడా అడగండి."

"చెయ్యి ఫోటోలో పడింది. ఎందుకెత్తారో పడలేదు కదా! ఫోటో ఉన్నాక మేమేం చేస్తామండీ?"

ఆయన మంచివారే. మంచినీళ్లు ఇచ్చి మరీ పంపించినారు.

3. క్వారీ గుంత గిన్నెలాంటిదనీ, అందులో పోసినది కిందికి ఇంకదనీ నివేదికలో ఉన్నది. కొలతల కోసమని ఆ నివేదిక రాసినవాళ్లే మోటార్లు పెట్టి గుంతలో నిలిచిన నీళ్లు తోడించినప్పుడు మా బావి అడుగంటినది. బకెట్ రాళ్లకు కొట్టుకున్నది. తోడటం ఆపినాక మళ్లీ ఊరినది. అంతకు మించి నాకు తెలియదు. తెలిసినవాళ్లను ఎవరినైనా పంపి చూపించమనే నా మనవి. మా పెరట్లోకి ఇంతవరకు ఒక్కరూ తొంగి చూడలేదు.

4. నాలుగోది రాయకూడదనుకున్నాను. రాస్తున్నాను. నాకు భయంగా ఉందండీ. చెత్త కుళ్లి కారే నీళ్లు బావిలోకి దిగితే మాకు ఎవరు చెబుతారు? మేము ఉతికిన దుప్పటి మీదే రోగి పడుకుంటాడు, పసిబిడ్డను పడుకోబెడతారు. తెలియక ఆ నీళ్లలోనే ముంచి, ఇస్త్రీ చేసి, మడతపెట్టి ఇచ్చి వస్తాము కదా! బావి పోతే మాకు వేరే పనీ రాదు, వెళ్లడానికి వేరే గడపా లేదు. ఇంట్లో ఒకరి మొహం ఒకరం చూసుకోలేకపోతున్నాము. నిన్న నా భార్య అన్నం కలుపుతూ కలుపుతూ చెయ్యి ఆపేసి, "మనమే ఒప్పుకున్నామంటండీ" అని ఏడ్చింది.

కావున తమరు ఆ ఫోటోను నివేదిక నుండి తీసివేయించి, మా బావిని పరీక్ష చేయించి, మాట వినపడే చోట సభ మళ్లీ జరిపించి, అటుపిమ్మటనే సంతకం విషయం ఆలోచించవలసినదిగా ప్రార్థన. ఫైళ్ల అడుగున పడకముందే ఈ మనవి చిత్తగించవలెను.

తమ విధేయుడు,
క్వారీ దిగువ లాండ్రీవాడు

తా.క.: పైన సంతకం పెడుతుండగానే పొక్లెయిన్ చప్పుడు వినిపించింది. సోమవారం దాకా కూడా ఆగలేదు, క్వారీ గుంతలోకి దిగే బాట చదును చేస్తున్నారు. నా భార్య ప్లాస్టిక్ కుర్చీ ఒకటి తీసుకుని గుంతలోకి దిగిపోయింది. ఆగమంటే, "మీరు రాసుకోండి. నేను కూర్చుంటా" అంది. రాయడం అయిపోయింది, రెండో కుర్చీ పట్టుకుని నేనూ పోతున్నాను. ఈ కాగితం తెచ్చేది మా అత్తగారు. ఆవిడకు బొత్తిగా వినపడదు కనుక, "రేపు రండి" అని చెప్పి లాభం లేదు. పని ఆపిస్తానంటే తల ఊపండి, ఆవిడ చూసి వచ్చి మాకు చెబుతుంది. ఆపించేటట్టయితేనే ఊపండి బాబూ. ఆవిడ వచ్చి చెబితే మేము నమ్మి లేచి వచ్చేస్తాము.