మా సైయా భార్యను ఉండనివ్వమని

విదేశీయుల వీసాల అధికారి గారి సముఖమునకు,
కొలోంగా గ్రామ నివాసి మెలెనైతే ఫొనువా, వయసు అరవై ఒకటి, వ్రాసుకొను మనవి.

అయ్యా,

విషయం: నా కుమారుడు కీర్తిశేషుడు సియోసైయా ఫొనువా భార్య తెరేతియా, కిరిబాటి దేశస్థురాలు, ఆమె పెళ్లి వీసా పొడిగించక దేశం విడిచి పొమ్మన్న తమ ఉత్తర్వు గురించి.

పైన ఉన్నదంతా పాస్టర్ గారి భార్య ఇచ్చిన పాత అర్జీ చూసి రాశాను. ఇక్కడి నుంచి నాది. నేను బడికి నాలుగేళ్లే వెళ్లాను. మా ఇంట్లో కాగితాలన్నీ మా అమ్మాయి లోసే రాస్తుంది. బ్యాంకులో పని, రాత ముత్యాల్లా ఉంటుంది. ఈ కాగితం మాత్రం ఆమె చేత రాయించలేను. ఎందుకో మూడో నంబరులో ఉంది.

1. నా కొడుకు సైయా మే నెల పదకొండున పగడపు దిబ్బ అవతలికి చేపలకు వెళ్లాడు. పడవ ఆ రోజే దొరికింది. అతను రెండో రోజు దొరికాడు. మట్టి చేశాము. దీని గురించి ఇంకేమీ రాయను. చావు కాగితం జతపరిచాను.

2. మట్టి చేసిన తొమ్మిదో రోజు తమ ఆఫీసు కవరు వచ్చింది. మీద సైయా పేరే ఉంది. ఇంటి విచారణలో భార్యాభర్తలు కలిసి కాపురం చేస్తున్నట్టు రుజువు కాలేదట. అభ్యంతరం ఉంటే భర్త స్వయంగా వచ్చి చెప్పుకోవాలట. లేకపోతే ఇరవై ఎనిమిది రోజుల్లో భార్య వెళ్లిపోవాలట. ఆ కాగితం రాసిన రోజుకి అతను బతికే ఉన్నాడు, తేదీ చూశాను. అందుకని తమ మీద నాకు కోపం లేదు.

బస్సెక్కి తమ ఆఫీసుకు వచ్చాను. కిటికీ దగ్గర అమ్మాయి మంచిదే, కూర్చోమంది, కాగితం తీసుకుని చూసింది.

"భర్త రాలేదా అమ్మా?"

"పోయాడమ్మా."

"అయ్యో. మరి నువ్వెవరమ్మా?"

"అతని తల్లిని. ఆ కాగితంలో ఉన్న పిల్లకి అత్తని."

ఆ అమ్మాయి కాగితం అటు తిప్పింది, ఇటు తిప్పింది. "ఇందులో అత్తకి గడి లేదమ్మా," అంది. "భర్తకుంది, భార్యకుంది, సాక్షికుంది. పోనీ సాక్షి దగ్గర సంతకం పెడతావా? కానీ విచారణ రోజు నువ్వు సాక్ష్యం చెప్పలేదని రాసుంది."

నిజమే. చెప్పలేదు.

3. మార్చిలో తమ విచారణ మనిషి మా ఇంటికి వచ్చాడు. ఆక్లాండ్‌లో పెరిగిన కుర్రాడట. మన భాష వచ్చు, మన సిగ్గు రాలేదు. తెరేతియా బట్టలు నా గదిలో ఎందుకున్నాయని అడిగాడు. పెరట్లో సైయా గుడిసె కురుస్తోంది, బట్టలకు బూజు పడుతోంది, అందుకని చెప్పాను. రాసుకున్నాడు. సైయా మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. మా లోసే టీ పోస్తోంది. అప్పుడు ఆ కుర్రాడు, అందరి ముందూ, వాన పడుతుందా అన్నట్టు అడిగాడు:

"మరి రాత్రిళ్లు వీళ్లిద్దరూ ఒకే పక్క మీద పడుకుంటారా?"

అయ్యా, తమరికి నేను చెప్పాలా. అన్నా చెల్లెలూ ఒక చోట ఉన్నప్పుడు ఆ మాట ఎత్తకూడదు. సైయా పదకొండో ఏట నుంచి చెల్లెలితో ఒక కప్పు కింద పడుకోలేదు, అందుకే ఆ గుడిసె. ఇంట్లో లోసే సినిమా చూస్తుంటే అతను లోపలికి రాడు. అలా పెంచాను. ఆ మాట వినగానే సైయా లేచి పెరట్లోకి వెళ్లిపోయాడు. లోసే టీ కప్పులోకి చూస్తూ నిలబడింది. నేను నేల చూశాను. తెరేతియా పరాయి పిల్ల, ఆ పిల్లయినా చెప్పి ఉండేది. ఆమె మా ఇంటికి వచ్చిన మొదటి వారమే నేను కూర్చోబెట్టి చెప్పాను, "లోసే, సైయా ఇద్దరూ ఉన్నప్పుడు కాపురం మాట ఎత్తకు, నవ్వకు," అని. ఎత్తలేదు. నవ్వలేదు.

తమ మనిషి ఇలా రాశాడు: భర్త ప్రశ్నకు లేచి వెళ్లాడు, భార్య మౌనం, తల్లి మౌనం. ఒక్క అక్షరం తప్పు లేదు.

అతను కారు దగ్గరికి వెళ్లాక పరిగెత్తుకుపోయి, బాబూ పడుకుంటారు, అని ఒక్క మాట చెప్పి ఉండవచ్చు. టీకి చక్కెర చాలిందా అని అడిగాను. కారు వెళ్లిపోయింది.

4. ఇప్పుడు జవాబు రాస్తున్నాను. పడుకునేవారు. రెండేళ్ల మూడు నెలలు, ఒకే పక్క మీద. గుడిసె కురిసినా అక్కడే. నాకు ఎలా తెలుసంటే, నా కిటికీ అటు వైపే. ఆమె వాళ్ల దీవి పాట సన్నగా పాడేది, అతను తప్పు పాడేవాడు. ఇంతకంటే ఒక తల్లి రాయకూడదు. ఈ కాగితం మా లోసే చూడకుండా దాచమని మనవి. అన్న పోయినా ఆ మాటకు ఆమె చెల్లెలే.

5. కిటికీ అమ్మాయి వేరే రుజువులు తెమ్మంది. ఫోటోలున్నాయా అంది. సైయా ఫోటోలు దిగే మనిషి కాదు. నా దగ్గర ఉన్న రుజువు ఇది. శవం దగ్గర సైయా మేనత్త వచ్చి తల వైపు కూర్చుంది. పోయినవాడి పెళ్లాం జుట్టు కోసేది మేనత్తే కదా, కత్తెర అడిగింది. తెరేతియాను పిలిచి, నడుం దాటిన జుట్టు మెడ దాకా కోసింది. మేనత్త గట్టి మనిషి, పెళ్లినాడు ఈ పిల్లతో పలకలేదు కూడా. ఆ రోజు మాత్రం అందరికీ వినపడేలా అంది, "రా, నా మేనల్లుడి పెళ్లామా, వంగు." భార్య కాని దాని జుట్టు ఎవరైనా కోస్తారా? జుట్టు ఒక పాయ కవరులో పెడదామనుకున్నాను. పాస్టర్ గారి భార్య వద్దంది.

6. ఆమె గుణం గురించి కూడా రాయమన్నారు. ఇద్దరూ సువా పట్నంలో ఒకరినొకరు చూసుకున్నారు. అతను అక్కడ పడవల చదువు చదివేవాడు, ఆమె రొట్టెల దుకాణంలో పని చేసేది. ఆమె మా ఇంటికి వచ్చిన కొత్తలో పక్కింటి సేలా కంచె మీదుగా, "ఏం మెలెనైతే, ఇంత దేశంలో నీ కొడుక్కి పిల్లే దొరకలేదా?" అంది. నేను నోరు తెరిచేలోపే ఈ పిల్ల, చేతిలో చేప పట్టుకుని, "పిల్లలు చాలామందే దొరికారట పిన్నీ, ముళ్లు తీసి పెట్టేది దొరకలేదట," అంది. ఆ రోజు నుంచి సేలా చేపలు కూడా ఈమే శుభ్రం చేస్తోంది. ఊరికే వచ్చే సాయం సేలా వదిలే మనిషి కాదు కదా.

ఒక మాట తమరికి తెలియాలి. మొన్న కొబ్బరి కోరుతూ తెరేతియా అడిగింది:

"అమ్మా, ఆ రోజు నువ్వు మాట్లాడకపోతే, నేనంటే నీకు ఇష్టం లేదేమో, ఇలాగైనా పంపించేద్దామనుకున్నావేమో అనుకున్నా. అవునా?"

"మరి మూడు నెలలు ఆ అనుమానంతోనే నాకు అన్నం పెట్టావా?"

"ఆకలి వేస్తుంది కదా నీకు," అంది.

నాకు ఏడుపు రాలేదు. ఈ మధ్య రావడం లేదు. కోరడం అయిపోయాక లేచి ఈ కాగితం కొనుక్కొచ్చాను.

7. కాబట్టి కోరేదేమనగా, భర్త రావలసిన చోటికి తల్లిని రానివ్వండి. ఏం అడిగినా చెబుతాను. లోసే పగలంతా బ్యాంకులో ఉంటుంది. తెరేతియాను మా ఇంటి కోడలిగా ఇక్కడే ఉండనివ్వండి. తమరికి అలా కుదరకపోతే, పంపే కాగితంలో భర్త లేనందున అని రాయండి, కాపురం లేనందున అని రాయకండి. అయినా మొదట అడిగిందే నేను అడుగుతున్నది.

ఇది తమ చిత్తానికి అందితే చాలునని,
ఆ రోజు పలకని తల్లి, తమ విధేయురాలు,
మెలెనైతే ఫొనువా

తా.క. కవరు అంటించబోతుంటే తెరేతియా వచ్చి, "ఉండమన్నారా?" అంది. "ఇంకా లేదు, ఇప్పుడే అడుగుతున్నా," అన్నాను. "సరే," అని మోపెడు మొగలాకు కోసుకొచ్చింది. సముద్రంలో మోకాలి లోతు దిగి నానబెట్టి రాళ్లు పెట్టింది. తమ గడువు వచ్చే శుక్రవారం. ఆకు నానడానికే పది రోజులు పడుతుంది. తరవాత ఎండాలి, చీల్చాలి, చాప అల్లడానికి నాలుగు నెలలు. ఆ సంగతి ఆమెకు తెలుసు. నేనూ నీళ్లలోకి దిగాను. రాళ్లు అందించాను.