స్స్ అనగానే వెనక్కి

జూన్ 3, మంగళవారం

మామయ్య షాపులో మొదటి రోజు. కాల్ సెంటర్‌లో ఎనిమిదేళ్లు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని తిట్లు తిన్నాను. ఇకనైనా పాటలు వింటూ బతుకుదామని ఒప్పుకున్నాను. కార్ ఆడియో ఫిట్టింగ్. ముందు రెండు కార్లు పట్టే షెడ్డు, వెనక ఒక గది, దాని వెనక కాస్త ఖాళీ స్థలం. సాయంత్రమైతే అక్కడ కీచురాళ్లు ప్రాణం తీసేవట. సిమెంటు చేయించాక, రెండేళ్లుగా ఆ పీడ విరగడైందని మామయ్య సంతోషం.

కస్టమర్లు మామయ్యని చెవి మాస్టారు అంటారు. మీటరు ముట్టుకోడు. అంతా చెవితోనే.

జూన్ 5

శబ్దాన్ని పెంచే యాంప్లిఫయర్లలో క్లాసులుంటాయి. ఎ, ఎబి, డి. మార్కుల లిస్టు అనుకున్నాను. ఎ ఫస్ట్ ర్యాంకు, డి అత్తెసరు. ఒక కస్టమర్‌కి అలాగే చెప్పేశాను కూడా. మామయ్య నవ్వాపుకోలేక స్క్రూడ్రైవర్ కింద పడేశాడు.

అవి పని చేసే పద్ధతులట. క్లాస్ ఎ పాట ఉన్నా లేకపోయినా పూర్తిగా పని చేస్తూనే ఉంటుంది. శబ్దం కమ్మగా ఉంటుంది కానీ పెనంలా కాలుతుంది, కార్లో పెడితే బ్యాటరీ గోవిందా. ఎబిలో రెండు భాగాలు పనిని చెరిసగం పంచుకుంటాయి, వేడి తగ్గుతుంది. డి సెకనుకు లక్షలసార్లు ఆన్, ఆఫ్ అవుతూ పని కానిచ్చేస్తుంది. చిన్న పెట్టె, బేస్‌కి తిరుగులేదు. మామయ్యకి డి అంటే పడదు. మనిషి గొంతు వినాలంటే ఎబియే అంటాడు.

జూన్ 9

గెయిన్ అంటే వాల్యూమ్ కాదట. ఇదీ ఇవాళే తెలిసింది. స్టీరియో నుంచి వచ్చే సిగ్నల్‌కి యాంప్ తలుపు ఎంత తీయాలో చెప్పే చిన్న స్క్రూ అది. ఎక్కువ తీస్తే పాటతో పాటు చెత్త కూడా వస్తుంది.

మామయ్య పాట ఆపి, ఇంజన్ ఆపి, అద్దాలన్నీ మూసి, కళ్లు మూసుకుని స్క్రూ తిప్పుతాడు. స్పీకర్‌లో సన్నగా స్స్ అనగానే వెంట్రుకవాసి వెనక్కి. అక్కడ ఎర్ర పెయింటు చుక్క పెడతాడు. ఆ చుక్క పడ్డాక ఇంకెవరూ ముట్టుకోకూడదు. ముప్ఫై ఏళ్లుగా అదే మామయ్య సంతకం.

జూన్ 12

ట్రావెల్స్ ఓనర్ చిర్రుబుర్రులాడుతూ వచ్చాడు. కిందటి నెల మామయ్య సెట్ చేసిన ఆరు కార్లలోనూ, పాట ఆగినప్పుడల్లా స్స్ మంటోందట. మామయ్య కారులో కూర్చుని విన్నాడు. ఏమీ లేదన్నాడు. ఒకవేళ ఉన్నా, తప్పు కొత్త క్లాస్ డి సరుకుదే అన్నాడు. ఓనర్ పది రోజులు గడువిచ్చాడు. తర్వాత చెవి మాస్టారి సంగతి ట్యాక్సీ స్టాండు మొత్తానికి చెప్తాడట.

నేనూ విన్నాను. కుక్కర్ విజిల్ వేసే ముందు వచ్చే ఆవిరిలా ఉంది.

జూన్ 13

తప్పు నిజంగా డి దేనా? నిద్రపట్టని సందేహం. ఓనర్ వదిలి వెళ్లిన కారులో డి తీయించి ఎబి పెట్టించాను. మామయ్య సెట్ చేశాడు. అదే స్స్. తీసిన డి ని బల్ల మీద పెట్టి, అదే పద్ధతిలో నేను సెట్ చేశాను. నిశ్శబ్దం.

పాపం డి. మరి ఎవరిది?

జూన్ 16

రోజూ నాలుగింటికే వెళ్లిపోయేదాన్ని, ఇవాళ షట్టర్ దించేదాకా ఉన్నాను. వెనక, విరగడైపోయాయని మామయ్య అన్న కీచురాళ్లే చెవులు చిల్లులు పడేలా అరుస్తున్నాయి.

జూన్ 17, పొద్దున 9

ట్వీటర్, అదే సన్న శబ్దాల చిన్న స్పీకర్, చెక్ చేయాలని మామయ్యకి అబద్ధం చెప్పాను. ఫోన్‌లోంచి ఒక్కో టోన్ ఇంకా సన్నగా చేసుకుంటూ పోయాను. వినపడినప్పుడల్లా మామయ్య బానెట్ మీద వేలితో తడుతున్నాడు. మూడు వేల హెర్ట్జ్ దాటాక వేలు ఆగిపోయింది. ఇంకా పెట్టవేంటే అన్నాడు. నాకేమో చెవుల్లో సూదులు దిగుతున్నాయి.

సాయంత్రం 4

సన్న శబ్దాలు మామయ్య చెవికి అందట్లేదని చెప్పలేదు. బాత్‌రూమ్‌లోకి వెళ్లి ఏడ్చాను. చెప్తే మామయ్య ఏమైపోతాడో. చెప్పకపోతే పేరు పోతుంది. గుట్టుచప్పుడు కాకుండా ఆరు కార్ల స్క్రూలూ నేనే తిప్పేద్దామనుకున్నాను. యాంప్ ఉండే డిక్కీ తెరిచాను. స్క్రూ మీద ఎర్ర చుక్క. చెయ్యి రాలేదు.

జూన్ 19

చెప్పేశాను. మామయ్య చేతులు కడుక్కుని ఓనర్ కారులో అద్దాలు మూసుకుని గంటసేపు కూర్చున్నాడు. నేను దగ్గరికి వెళ్లలేదు.

జూన్ 21

మామయ్యే మిగతా ఐదు కార్లనీ పిలిపించాడు. ఓనర్ ముందే అన్నాడు:

"యాంప్‌లో తప్పేం లేదు. నా చెవిదే తప్పు. ఇకమీదట ఈ అమ్మాయి వింటుంది, నేను తిప్పుతాను."

నేను కళ్లు మూసుకుని కూర్చున్నాను. స్స్ అనగానే వేలెత్తాను. మామయ్య వెంట్రుకవాసి వెనక్కి తిప్పాడు. ఆరు కార్లకీ అంతే. కళ్లు తెరిచినప్పుడల్లా మామయ్య నా వేలి వంకే చూస్తున్నాడు. పాత చుక్కలు గీకేసి బ్రష్ నా చేతిలో పెట్టాడు. ఓనర్ ఆరు కార్లలోనూ కూర్చుని విన్నాడు. ట్రావెల్స్ లోని మిగతా కార్లు సోమవారం పంపిస్తానన్నాడు.

జూన్ 23, సాయంత్రం 6:40

మామయ్య వెనక తలుపు తీసి నిలబడ్డాడు. కీచురాళ్లు అరుస్తున్నాయా అని అడిగాడు. నేను వేలెత్తాను. చీకటి పడేదాకా దించనివ్వలేదు.